శుక్రవారం మైనం

ప్రొద్దుటూరు హైస్కూల్లో సైన్సు అయ్యవారిగా చేరిన కొత్తల్లో నాకు తెలియని సంగతి ఈ భూమ్మీద లేదని నా నమ్మకం. రాష్ట్రం పేరు మారి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన రోజులవి. రేకుపెట్టె ఒకటి పట్టుకొని జమ్మలమడుగు బస్సు దిగినవాణ్ణి, ఏడాది తిరక్కుండానే పెద్దమనిషినైపోయాను. గడియారం ఆగిపోయినా, బావి నీళ్లు ఉప్పగా మారినా వీధిలో వాళ్లు నా దగ్గరికొచ్చి అడిగేవాళ్లు. అడిగినప్పుడు తెలియదనడం నాకు చేతనయ్యేది కాదు. ఆ గుణం వల్ల ఒక మనిషి పోయాడు. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

నేను బాగా చెప్పే పాఠం ఒకటుండేది. ఇనప పెనం మీద ఒక పక్క తేనెమైనం ముక్క, ఒక పక్క చిటికెడు చక్కెర, ఒక పక్క ఉప్పుగల్లు పెట్టి, కింద స్టవ్వు ముట్టించేవాణ్ణి. పెనం కాస్త వెచ్చబడగానే మైనం నీరైపోయేది. చాలాసేపటికి చక్కెర కరిగి ఎర్రబడేది. ఉప్పు మాత్రం పెనం ఎంత కాలినా ఉప్పుగానే ఉండేది. అప్పుడు చెప్పేవాణ్ణి: మైనం అణువులు బస్సులో పక్కపక్కన కూచున్న మనుషుల మాదిరి ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయంతే, కాస్త కుదుపు తగిలితే చెదిరిపోతాయి. చక్కెర అణువులకు చేతులున్నాయనుకోండి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని ఉంటుంది, విడిపించాలంటే ఎక్కువ వేడి కావాలి. ఉప్పులో విడివిడి అణువులే లేవు, అది మొత్తం ఒకటే కట్టడం, మన స్టవ్వుకు లొంగదు. పట్టు ఎంత గట్టిదైతే కరగడానికి అంత వేడి కావాలి. పిల్లలు నోళ్లు తెరుచుకొని వినేవాళ్లు. నేనూ నా గొంతు నేనే విని మురిసిపోయేవాణ్ణి.

నేను అద్దెకున్నది ఒక ముసలి కంసాలి ఇంట్లో. వెనక గది నాది, ముందు వసారాలో ఆయన కుంపటి. బోలు గుండ్లు చేయడంలో ఊళ్లో ఆయన తరవాతే ఎవరైనా. బంగారాన్ని పల్చటి రేకుగా సాగదీసి గుండ్లు చేసి, సొట్ట పడకుండా లోపల కరిగిన లక్క పోసేవాడు. పొద్దస్తమానం ఆ వసారాలో లక్క వాసనే. నేను ఆయన్ను మామా అనేవాణ్ణి, కానీ మనసులో మాత్రం చదువులేని మనిషి అనే అనుకునేవాణ్ణి.

సినిమా హాలు ఆపరేటరు నాకు పరిచయమైంది ఆ వసారాలోనే. ఆయన పులివెందుల సాయెబు. భార్యను పులివెందులలో ఉంచి, తాను హాలు వెనక చిన్న గదిలో ఉండేవాడు. నెలకొకసారి ఊరికి పోయి వచ్చేవాడు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. నెమ్మదిగా మాట్లాడేవాడు, ఏ పని చేసినా రెండోసారి సరిచూసుకునేవాడు. ఆ రోజు ముసలాయన చేత వేలెడు పొడుగున్న ఇత్తడి బిళ్లలు రెండు కత్తిరించుకుంటున్నాడు. ఎందుకని అడిగాను. చెబితే అర్థం కాదు, వచ్చి చూడమన్నాడు.

హాలుకు పోయి ఆయన వెంట ఇనప మెట్లెక్కి కేబిన్ చూశాను. రేకుల కప్పున్న ఇరుకు గది. మధ్యలో ప్రొజెక్టరు, దాని వెనక కార్బను కడ్డీలు మండే దీపం, పక్కన రీళ్ల పెట్టె. హాలు వైపు గోడకు రెండు చదరపు కంతలు. ఒకదాంట్లోంచి బొమ్మ పోతుంది, రెండోదాంట్లోంచి ఆపరేటరు తెర చూసుకుంటాడు. రెండు కంతల పైనా గాడిలో జారే ఇనప రేకులున్నాయి. ఆ రేకుల్ని పైకెత్తి పట్టుకున్న తాడు ఒక ఇనప కడియంలోంచి దూరి, ప్రొజెక్టరు మీదుగా పోయి, వెనక గోడకున్న మేకుకు ముడిపడి ఉంది. తాడు నడుమ, సరిగ్గా దీపం పైన, రెండు ఇత్తడి బిళ్లలు మైనంతో ఒకదానికొకటి అతికించి ఉన్నాయి. మద్రాసు నుంచి వచ్చిన అసలు బిళ్ల ఎప్పుడో పోయిందట. ఇది ఈయన సొంత ఏర్పాటు.

"ఈ రీళ్లు పాతవి అయ్యోరూ. నిప్పు తగిలితే గుప్పుమంటాయి, నీళ్లు పోసినా ఆరవు" అన్నాడు. "నిప్పు పుట్టిందంటే నేను చేసే పని ఒకటే. వెనక తలుపు తీసుకొని మెట్లు దిగి ఉరకడమే. ఆ వేడికి మైనం కరుగుతాది, బిళ్లలు విడిపోతాయి, తాడు జారి రేకులు పడతాయి. మంట ఈ గదిలోనే ఉండిపోతాది. ఈ మైనం కరుగుతాదనే ధైర్యంతోనే నేనీడ కూచోని పనిచేస్తాండా."

"కరగకపోతే?" అన్నాను.

ఆయన కంతలోంచి కిందికి చూపించాడు. ఆడవాళ్ల బెంచీలు సరిగ్గా ఆ కంతల కిందే ఉన్నాయి. "కరగకపోతే యాడ ఉరకల్ల?" అన్నాడు.

ప్రతి శుక్రవారం పొద్దున్నే ఆయన ఆ బిళ్లల్ని దించి, పాత మైనం గీకేసి, కొత్త మైనం కరిగించి మళ్లీ అతికించేవాడు. ఆ తరవాతే స్నానం చేసి నమాజుకు పోయేవాడు. ఎవరు పిలిచినా, ఆకాశం ఊడిపడినా ఆ పని ఆగేది కాదు. ఇద్దరం స్నేహితులమై, నేను ఆయన్ను భాయ్ అని పిలవడం మొదలుపెట్టాక ఎగతాళి చేసేవాణ్ణి, భాయ్ మైనానికి కూడా జుమ్మా నమాజు ఉందని. నవ్వేవాడు గానీ చేసే పని మానేవాడు కాదు.

ఆ ఏడాది ఎండలు ముదిరాక అసలు తంటా మొదలైంది. మా ఊరి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. రేకుల కప్పు కింద, మండే దీపం పైన, మధ్యాహ్నం ఆటలో ఆ కేబిన్ కుంపటి అయ్యేది. మైనం పూర్తిగా కరగాలంటే అరవై డిగ్రీలు దాటాలి గానీ, బరువు వేలాడుతుంటే అంతకు ముందే మెత్తబడి జారుతుంది. కథ మంచి పట్టు మీదున్నప్పుడు ఠప్పున రేకులు పడేవి. తెర నల్లబడేది. రాజుపాలెం నుంచి ఎద్దుల బండ్లు కట్టుకొని వచ్చినవాళ్లు ఊరుకుంటారా? ఈలలు, కేకలు, బెంచీలు బాదడాలు. ఒకరోజు ఒకే ఆటలో మూడుసార్లు పడ్డాయి. హాలు యజమాని పైకొచ్చి అందరూ వినేట్టు తిట్టి, "రేపటి నుంచి ఆడ ఇనప తీగ కట్టు. కట్టకపోతే కట్టేవాణ్ణి తెచ్చుకుంటా" అన్నాడు.

భాయ్ ఆ సాయంత్రం నా గదికొచ్చి గడప మీద కూచున్నాడు. తీగ కడితే రేకులు ఎన్నటికీ పడవు. కట్టకపోతే పని పోతుంది. తన స్థానంలో వచ్చేవాడు కళ్లు మూసుకొని తీగ కడతాడు. "మైనం కంటే రోంత గట్టిది ఏదన్నా ఉంటాదా అయ్యోరూ? ఎండకు ఆగల్ల, నిప్పుకు కరగల్ల" అన్నాడు.

ఆ ప్రశ్న విని నాకు ఒళ్లు పులకరించింది. అబద్ధం ఎందుకు, ఆయన కష్టం కన్నా నా పాఠమే నాకు ముందు గుర్తొచ్చింది. పట్టు కాస్త గట్టిగా ఉన్న పదార్థం కావాలి, అంతే కదా. వసారాలో లక్క ఉండనే ఉంది. దాని అణువులకు చక్కెరకున్నట్టు చేతులున్నాయి. మర్నాడు బడిలో మైనం, లక్క విడివిడిగా సన్నటి గాజు గొట్టాల్లో పెట్టి, నీళ్లలో ముంచి, పక్కన థర్మామీటరు వేలాడదీసి కాచాను. మైనం నేననుకున్న చోటే కరిగింది. లక్క డెబ్బై దాటాక మెత్తబడి ఎనభై దగ్గరపడేసరికి జారింది. మూడుసార్లు, ప్రతిసారీ కొత్త ముక్కతో చేశాను, మూడుసార్లూ అంతే. కేబిన్‌లో వేడి అంతకెక్కడా రాదు. నిప్పు పుడితే ఎనభై ఏపాటి?

లక్క కావాలని అడిగితే ముసలాయన కుంపటి ఊదడం ఆపి నా వైపు చూశాడు.

"లక్కతో నీకేం పని అయ్యోరా?"

చెప్పాను.

"అది ఎప్పుడూ వేడిలోనే ఉంటాదా?"

"ఉంటాది మామా. అందుకే గదా మైనం వద్దంటాండేది."

"అట్లయితే మార్చుకుంటా ఉండల్ల. లక్కకు ఆయుస్సు ఉంటాదప్పా. వేడి తగిలి తగిలి సచ్చిపోతాది. సచ్చిన లక్క మల్ల కరగదు. మాడతాది గానీ కరగదు."

నేను నవ్వాను. "లక్కకు ఆయుస్సేంది మామా? కరిగే వస్తువు ఎన్ని తూర్లయినా అదే వేడికి కరుగుతాది. మైనం కరగడంల్యా?"

"మైనం సంగతి వేరే" అని ఆయన లక్క ముక్క నా చేతిలో పెట్టి మళ్లీ కుంపటి ఊదుకున్నాడు. నేను ఆ మాటను గది దాకా కూడా మోసుకురాలేదు. పుస్తకంలో లేని మాట కదా.

ఆ శుక్రవారం పొద్దున లక్కతో బిళ్లలు అతికించి కేబిన్‌లో కట్టాం. భాయ్ ఊరికే నమ్మే మనిషి కాదు కాబట్టి కింద దీపం పట్టి చూశాడు. క్షణంలో బిళ్లలు విడిపోయి రెండు రేకులూ ఠప్పున పడ్డాయి. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. మళ్లీ అతికించి కట్టాక ఆయన అడిగాడు:

"దీన్ని ఎన్నాళ్లకు మార్చల్ల అయ్యోరూ? శుక్రవారం శుక్రవారమేనా?"

ముసలాయన మాట అప్పుడు నా నాలుక చివరనే ఉంది. ఇది మాత్రం నేను ఎన్నటికీ మరిచిపోలేను. ఆ మాట చెబితే ఒక కంసాలి మాటకు నేను తలొగ్గినట్టవుతుందని అనిపించింది. "మార్చే పనే లేదు భాయ్. ఇంగ నిమ్మళంగా నమాజుకు పో" అన్నాను.

ఆ ఎండాకాలం రేకులు ఒక్కసారి కూడా పడలేదు. యజమాని నాకు ఉచితంగా సినిమా చూసే ఏర్పాటు చేశాడు. వానలొచ్చాయి, చలికాలం వచ్చింది, మళ్లీ ఎండలు ముదిరాయి. ఆట మీద ఆట, రోజు మీద రోజు ఆ బిళ్లలు దీపం పైన కాగుతూనే ఉన్నాయి. మధ్యలో ఒకసారి కేబిన్‌కు పోయినప్పుడు చూశాను. అతికించినప్పుడు ఎర్రగా మెరిసిన లక్క బిళ్లల అంచున నల్లబడి ఉంది. గోరుతో గుచ్చితే దిగలేదు. భాయ్ కూడా గుచ్చి చూసి, "రాయి మాదిరి అయింది అయ్యోరూ" అన్నాడు. ఆ గొంతులో ఏదో అనుమానం ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నేను, "గట్టిగుండేదానికే గదా పెట్టింది" అని గర్వంగా చెప్పి మెట్లు దిగి వచ్చాను.

ఇంకోసారి వసారాలో ముసలాయన అడిగాడు. "ఆపరేటరు సాయెబు లక్కకు రానే లేదే. మార్చినారా?"

నాకు మండుకొచ్చింది. "నీ పని నువ్వు చూసుకో మామా" అన్నాను. తండ్రి వయసు మనిషిని అలా అన్నందుకు ఆ పూటంతా మనసు బాగాలేదు. కానీ మనసు బాగాలేనిది అన్న మాటకే గాని, ఆయన అడిగిన ప్రశ్నకు కాదు.

అది జరిగింది ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆటలో. కొత్త సినిమాలు లేక ఏదో పాత పౌరాణికం తెచ్చారు. రీళ్లు అరిగిపోయి తెర మీద వాన కురుస్తున్నట్టుంది. అయినా దేవుడి సినిమా కాబట్టి ఆడవాళ్లు చంటిబిడ్డల్ని ఎత్తుకొని వచ్చి బెంచీల మీద, కింద, గోడ వారన కిక్కిరిసి కూచున్నారు. నేను గోడ పక్క కుర్చీలో ఉన్నాను. ఉక్కకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. పైన కేబిన్ ఎంత కాగిపోతుందో అని ఒకసారి అనుకున్నాను కూడా.

తెర మీద బొమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. మాట్లాడుతున్న మొహం నడుమ గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టి, పొంగి, మొహాన్ని తినేసింది. తరవాత తెల్లటి వెలుగు. రీలు తెగిందనుకొని జనం ఈలలు మొదలుపెట్టారు. నేను వెనక్కి తిరిగి చూశాను. రెండు కంతల్లోనూ ఎర్రటి వెలుగు కదులుతోంది.

ఇప్పుడు పడతాయి, అనుకున్నాను. రేకులు ఇప్పుడు పడతాయి. పొగ నల్లగా కంతల్లోంచి బయటికొచ్చి కప్పు వెంబడి పాకింది. ఆడవాళ్లకు అది కనపడలేదు, వాళ్లు ఇంకా తెర వైపే చూస్తున్నారు. ఒక తల్లి బిడ్డకు పాలిస్తూ కంత కిందే కూచుని ఉంది. పడతాయి, పడతాయి అని నేను లెక్కపెట్టినట్టు అనుకుంటూనే ఉన్నాను. కుర్చీలోంచి లేవలేదు, ఎవర్నీ కేకేయలేదు. నిప్పు నాలుక ఒకటి కంత అంచు దాటి బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయింది. అప్పుడు మొదటి రేకు కిందికి వచ్చింది. పడలేదు. ఎవరో గుంజుతున్నట్టు ఆగి ఆగి, గీరుకుంటూ దిగింది. చాలాసేపటికి రెండోది కూడా అలాగే దిగింది. ఆ వెలుగు ఆరిపోయింది.

హాల్లో ఒక్కరికి కూడా చర్మం కందలేదు. మిగతా సినిమా ఎప్పుడు చూపిస్తారని కొందరు గేటు దగ్గర తగవులాడుతున్నారు. నేను మెట్ల వైపు పరుగెత్తేసరికి భాయ్‌ని తడిగోనెలు కప్పి కిందికి దించుతున్నారు. ఆయన రెండు చేతులూ నేను చూశాను. వాటి గురించి రాయను.

పత్తి లారీ ఒకటి దొరికితే అందులో పడుకోబెట్టి జమ్మలమడుగు మిషను ఆస్పత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన తల నా ఒళ్లోనే ఉంది. అక్కడి వాళ్లు చేయగలిగిందంతా చేశారు. ఒంటినిండా కట్లు కట్టి, ఇక దేవుడి దయ అన్నారు.

మర్నాడు పొద్దున నేను ప్రొద్దుటూరుకు తిరిగొచ్చి కేబిన్ మెట్లెక్కాను. గోడలన్నీ మసి. వెనక తలుపు తెరిచే ఉంది, అది మొదటి నుంచీ తెరిచే ఉందన్నారు. ఆయన ఎప్పుడైనా బయటపడి ఉండొచ్చు, కానీ లోపలే నిలబడి తాడు తెగేదాకా ఆ కాలే రేకుల్ని చేతులతో కిందికి గుంజాడు. కాలిన తాడు తునకల మధ్య బిళ్లలు కనపడ్డాయి. రెండూ ఒకదానికొకటి అతుక్కొనే ఉన్నాయి. గుంజినా రాలేదు.

వాటిని తెచ్చి ముసలాయన ముందు పెట్టాను. ఆయన పటకారుతో పట్టుకొని కుంపటి మీద పెట్టాడు. లక్క ఉబ్బింది, పొగ వచ్చింది, అంచులు బొగ్గయ్యాయి. చుక్క కూడా కారలేదు. అదే కుంపటి మీద కొత్త లక్క ముక్క పెడితే అప్పటికప్పుడు నీరైంది. ఆయన నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. బిళ్లల్ని నీళ్లలో ముంచి చల్లార్చి, తుడిచి, నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తరవాత ఎన్నాళ్లకో పెద్ద పుస్తకాలు తెప్పించుకొని చదివితే అంతా ఉంది. కొత్త లక్కలో అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని ఉంటాయి, వేడి తగిలితే వదిలేస్తాయి. అదే లక్క నెలల తరబడి కాగుతూ ఉంటే ఆ చేతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇక విడివిడి అణువులుండవు, మొత్తం ఒకటే కట్టడం, నా పెనం మీది ఉప్పు మాదిరి. వదిలే పట్టు వేరు, వదలని పట్టు వేరు. ముసలాయన సచ్చిపోతాది అన్నది దాన్నే.

బిళ్లలు దొరికిన మర్నాడు, ఆదివారం, వాటిని జేబులో వేసుకొని జమ్మలమడుగుకు పోయాను, భాయ్‌కి చెప్పాలనే. ఆయన మెలకువగా ఉన్నాడు. కళ్లకు కట్టు, గొంతు పీలగా ఉంది. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి మొదట అడిగింది, "కింద ఎవరికన్నా ఏమన్నా అయిందా?" అని. ఎవరికీ ఏమీ కాలేదన్నాను. కాసేపు ఊపిరి పీల్చుకొని మళ్లీ అడిగాడు.

"రేకులెందుకు పల్లేదు అయ్యోరూ?"

నా చెయ్యి జేబులో బిళ్లల మీదే ఉంది.

"పన్నుకోని అదే ఆలోచన చేస్తాండా" అన్నాడు. "నీ లక్క కరిగే ఉంటాది. నేనే ముడి తప్పు యేసినట్టుండా. బిళ్ల విడిపోయినా ముడి పోయి ఆ కడియంలో ఇరుక్కునింటాది. ఎప్పుడూ ముడి రెండు తూర్లు చూసుకుంటా. లక్క కట్టిన పొద్దు నమాజుకు టయిమయితాదని సరిగా చూసుకోలేదేమో. అంతమంది ఆడోళ్లు, బిడ్డలు. నా ముడే గదా అయ్యోరూ?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. లక్క కరగలేదు భాయ్, తప్పు నాది అంటే సరిపోయేది. ఆయన నన్ను కొట్టలేడు, తిట్టే మనిషీ కాదు. మరి ఏం భయమో నాకు ఇప్పటికీ తెలియదు. పిరికితనానికి కారణాలు వెతికి లాభం లేదు.

"అయ్యుండొచ్చు భాయ్" అన్నాను.

ఆయన సరేనన్నట్టు తల కొంచెం ఆడించాడు. మర్నాడు తెల్లవారుతుండగా పోయాడు.

విచారణకొచ్చిన ఆఫీసరు హాలు యజమానిని అడిగాడు, నన్నూ అడిగాడు. చివరగా మాట్లాడింది నాతోనే కాబట్టి ఆయన ఏమన్నాడో చెప్పమన్నాడు. ముడి తప్పు వేశానన్నాడని చెప్పాను. అది అబద్ధం కాదు కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆపరేటరు అజాగ్రత్త అని కాగితంలో ఎక్కింది. ఆ రాత సిరా నా కళ్ల ముందే ఆరింది.

నెల రోజులు అన్నం సహించలేదు. పెనం పాఠం చెప్పబోయి, స్టవ్వు ముట్టించకుండానే పిల్లల్ని బయటికి పంపేశాను. చివరికి ఒకరోజు కూచుని జరిగిందంతా, కంసాలి హెచ్చరికతో సహా, తెల్లకాగితం మీద రాసి, ఆ విచారణ ఆఫీసరు ఆఫీసులో ఇచ్చి, గుమాస్తా ముందు సంతకం పెట్టాను. దానివల్ల నా ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. పాత కాగితం మీద రాత మారిందో లేదో కూడా తెలియలేదు. కానీ నేను చేయగలిగింది ఇక ఏమీ మిగల్లేదనుకొని, భాయ్ పోయిన నలభయ్యో రోజు దాటాక పులివెందుల బస్సెక్కాను.

భాయ్ భార్య ఇల్లు ఒంటిగది. గడప దగ్గర కూచుని ఎవరిదో బొంత కుడుతోంది. నేను ఫలానా అని చెప్పగానే లేచి కొంగు సవరించుకొని, లోపలున్న నులక మంచం వాల్చి కూచోమంది. మంచినీళ్లిచ్చింది. గోడకు ఆయన చొక్కా ఒకటి ఇంకా తగిలించి ఉంది.

"ముడి తప్పు యేసినాడని అందరూ అంటాండారు అన్నా" అంది ఆమె, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నాకు నమ్మకం కుదర్లేదు. నువ్వు కూచున్న మంచం మా పెండ్లికి ఆయనే అల్లినాడు. ఇంతవరకు ఒక ముడి జారలేదు. అయినా ఆయనే నీతో చెప్పినాడంట గదా, ఇంగ నేనేం జెప్పేది."

బిళ్లలు తీసి ఆమె ముందు పెట్టాను. మొత్తం చెప్పాను. మైనం, లక్క, ముసలాయన మాట, శుక్రవారం మార్చే పని లేదన్న నా మాట, ఆస్పత్రిలో ఆయన అడిగింది, నేనన్నది, ఆఫీసులో రాసిచ్చింది. చెప్పేటప్పుడు ఏడ్చాను. ఆమె ఏడవలేదు. తిడుతుందనుకున్నాను, లేదా పోనీలే అంటుందనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే వచ్చాను.

ఆమె బిళ్లల్ని తీసుకొని, అతుకు మీద బొటనవేలితో ఒత్తి చూసింది. గోరు దిగలేదు. తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఆఫీసులో జెప్తే ఏముందన్నా, నాకు జెప్తే ఏముంది" అంది. "ఈ మాట ఆ పొద్దు ఆయనతో జెప్పింటే సరిపోతాండె. తప్పు నాదేనని అనుకుంటానే పాయ."

బొంత ఒళ్లోకి లాక్కొని మళ్లీ కుట్టుకోసాగింది. నేను కూచున్న చోటే మంచం నులకను వేళ్లతో తడిమి చూశాను. దాని ముడి ఒక్కటి కూడా వదులుగా లేదు.